ఇంజన్ సంగతి తర్వాత, ముందు పడవ వెనక పలక చూడు

అల్లుడూ,

వేలంలో పాత ఫైబర్ పడవ కొన్నావనీ, దాంతోపాటు 1980ల నాటి జాన్సన్ 25 హార్స్‌పవర్ ఇంజన్ కూడా వచ్చిందనీ, సంక్రాంతికల్లా గండికోట నీళ్ళలో తిప్పాలని ఉబలాటపడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదే. సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం వెనకజలాల్లో ఇట్లాంటి ఇంజన్లతోనే నా తల నెరిసింది కాబట్టి చెప్తున్నా, ఆ ఇంజన్ స్టార్ట్ చేసే తాడు మీద ఇప్పుడే చెయ్యి వెయ్యొద్దు.

ఇంజన్ ఎంత పాడైనా విప్పి బాగుచేసుకోవచ్చు. కానీ దాన్ని బిగించే వెనక పలక పుచ్చిపోయి ఉంటే, నువ్వు నడిమధ్యలో థ్రాటిల్ తిప్పిన రోజు ఇంజన్ పలకతో సహా నీళ్ళలోకి పోతుంది. పైకి అంతా ఫైబరే కనిపిస్తుంది గానీ లోపల ఉండేది ప్లైవుడ్. ఏ స్క్రూ రంధ్రంలోనుంచో ఏళ్ళ తరబడి తడి దిగుతూనే ఉంటుంది. ముందు సుత్తి పిడితో అంతటా తట్టు, గట్టి చెక్క ఠంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా మోగుతుంది. తర్వాత పడవ లోపలివైపు నుంచి, కిందిభాగంలో సన్న డ్రిల్‌తో మూడు నాలుగు చోట్ల రంధ్రాలు వెయ్యి, బయటి ఫైబర్ దాకా పోనివ్వొద్దు. పొడిగా, లేతరంగులో పొట్టు రాలితే నీ అదృష్టం, రంధ్రాలు ఎపాక్సీతో పూడ్చెయ్యి. నానిన టీపొడిలా వేళ్ళకంటుకుంటే మాత్రం ఆ పలక పోయినట్టే. పైన ఇనుప ప్లేటు కొట్టేస్తే సరిపోతుందని ఎవడైనా అంటే వాణ్ణి మళ్ళీ పిలవొద్దు. లోపలి ఫైబర్ కోసి, కుళ్ళిన చెక్కంతా తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే నీళ్ళకి ఆగే ప్లైవుడ్, వేయించు.

కొత్త ప్లై మీద ఫైబర్ అతికించే జిగురు, అదే రెసిన్, ఆ పని పొద్దున్నే చెయ్యి, మన ఎండకి మధ్యాహ్నమైతే మగ్గులోనే గడ్డకడుతుంది. ఇంకొకటి, దుకాణంలో రెసిన్, దాన్ని గట్టిపరిచే కోబాల్ట్, హార్డెనర్ వేరువేరు డబ్బాల్లో ఇస్తారు. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పొయ్యాలి. కోబాల్ట్, హార్డెనర్ నేరుగా కలిశాయంటే భగ్గుమంటుంది, పేలినా పేలుతుంది. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు.

ఇక ఇంజన్. కింది గేర్‌బాక్స్ అడుగు స్క్రూ వదులు చేసి చూడు, ఆయిల్ కంటే ముందు నీళ్ళొచ్చినా, ఆయిలే తెల్లగా నురగగా వచ్చినా, నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీళ్ళు పోయినట్టు. కొత్త ఆయిల్ కింది రంధ్రంలోనుంచే ఎక్కించు, పై రంధ్రంలోనుంచి పొంగేదాకా, లేకపోతే లోపల గాలి ఉండిపోతుంది. నీళ్ళ పంపులో నీళ్ళు తోసే రబ్బరు రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, ఎట్లా ఉన్నా సరే మార్చెయ్యి. ఇంజన్ చల్లబడేది దాని మీదే, నీళ్ళు లేకుండా కాసేపు తిరిగినా కాలిపోతుంది. అందుకే తాడు లాగొద్దన్నది. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ చుక్కలు వేసి, ఇంజన్ పైనున్న చక్రం, ఫ్లైవీల్, చేత్తో తిప్పి వదులు చేసుకున్నాక కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, చూపించు. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఆ కాలం రబ్బరు పైపులు దానికి మెత్తబడి లోపల్లోపలే ఊడతాయి. పైపులు, కార్బురేటర్ కిట్టు అన్నీ కొత్తవి వెయ్యి, పడవ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చెయ్యి. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపు, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని, అంటే నీళ్ళతో చల్లబడే పడవ ఇంజన్ల ఆయిలని, ఉండాలి. బైకుల టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లకి, దీనికి పనికిరాదు.

ప్రొపెల్లర్ తీసేసి, పెద్ద డ్రమ్ములో నీళ్ళు నింపి, నీళ్ళు పీల్చే జల్లెడ పూర్తిగా మునిగేలా నిలబెట్టి స్టార్ట్ చెయ్యి. వెనక సన్న రంధ్రంలోనుంచి నీళ్ళధార రావాలి. అర నిమిషంలో రాకపోతే ఆపెయ్యి, కాసేపు చూద్దాంలే అనొద్దు.

నీళ్ళలోకి దిగేముందు ఇరిగేషన్ వాళ్ళ అనుమతి కనుక్కో. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక పడవల మీద గట్టిగానే చూస్తున్నారు, 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కూడా ఉంది. గండికోట జలాశయం అడుగున తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళున్నాయి కదా, గోడలు, చెట్ల మోళ్ళు ఎక్కడుంటాయో చేపలు పట్టేవాళ్ళనడిగితే చెప్తారు, వాళ్ళలో ఒకర్ని మొదటిసారి పక్కన కూర్చోబెట్టుకో. తెడ్లు రెండు పడవలో పెట్టుకో, నువ్వు పడిపోతే ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు చేతికి కట్టుకో. మీ నాన్న ఎక్కుతానంటాడు, లైఫ్ జాకెట్ వద్దనీ అంటాడు. జాకెట్ వేసుకోకపోతే ఒడ్డునే నిలబెట్టు, నా పేరు చెప్పు.

ఇట్లు,
మీ కర్నూలు మామ