అమెరికాలో మనవాళ్లతో ఉండాలా, దూరంగా ఉండాలా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఆగస్టులో ఎంఎస్‌కి డల్లాస్ వెళ్తోంది. చెన్నైలో వీసా ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. తెలుగు అమ్మాయిలతోనే రూమ్ తీసుకోవాలని మా ఆవిడ పట్టుబడుతోంది. మనవాళ్ల మధ్యే ఉండేదానికి అంత దూరం ఎందుకని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: మొదటి ఏడాది రూమ్ విషయంలో అమ్మాయి వాళ్లమ్మ చెప్పినట్టే చేయండి. ఎయిర్‌పోర్ట్‌కి ఎవరొస్తారు, రూమ్ దొరికేదాకా ఎక్కడుండాలి, సరుకులు ఎక్కడ దొరుకుతాయి... వీటన్నింటికీ అక్కడి తెలుగు సీనియర్లు పెద్ద అండ. జ్వరమొచ్చిన రాత్రి తెలుగులో పలకరించే మనిషి పక్కనుంటే ఆ ధైర్యమే వేరు.

చదువు, వీసా, పని గురించి కూడా మనవాళ్ల మాటే వేదం అనుకుంటే మాత్రం ప్రమాదం. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. అమెరికా అధికారులే నిఘా కోసం పెట్టిన నకిలీ యూనివర్సిటీ అది. అక్కడ క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవాళ్లూ లేరు. డబ్బు తీసుకుని విద్యార్థుల్ని చేర్పించారని 8 మందిపై కేసు పెట్టారు. వాళ్లలోనూ, చేరిన పిల్లల్లోనూ ఎక్కువమంది తెలుగువాళ్లే. చిక్కుకున్న పిల్లలకు లాయర్ల సాయం ఇప్పించడానికి పరిగెత్తుకొచ్చిందీ తెలుగు సంఘాలే. ఈ రెండూ అమ్మాయికి చెప్పి పంపండి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. బయట పని చేయాలంటే ముందు అనుమతి ఉండాలి. తెలిసినవాళ్ల షాపులో చేతికి డబ్బులిస్తామని ఎంత ఆప్యాయంగా పిలిచినా వెళ్లొద్దనండి. పట్టుబడితే పోయేది అమ్మాయి వీసా, చదువు. లేని అనుభవాన్ని రెజ్యూమేలో రాసిపెడతామనే కన్సల్టెన్సీలకూ అంతే దూరంగా ఉండాలి. సందేహం ఏదైనా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి, అక్కడ వీసా విషయాలు చూసే అధికారికి (డీఎస్ఓ) ఈమెయిల్ రాసి అడగాలి. రాతపూర్వకంగా జవాబొస్తే దాచుకోవాలి.

మేనమామ మాటలోనూ నిజముంది. పగలంతా క్యాంపస్‌లోనూ తెలుగు గుంపులోనే ఉండే పిల్లలు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో నోరు విప్పడానికి తడబడటం నేను చాలాసార్లు చూశాను. గ్రూప్ ప్రాజెక్టుల్లో వేరే దేశాల వాళ్లతో కలవమనండి. ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో వెళ్లి మాట్లాడమనండి. కంపెనీలు వచ్చి విద్యార్థుల్ని కలిసే కెరీర్ ఫెయిర్ చాలాచోట్ల సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే ఉంటుంది, ఇంకా రూమ్ సర్దుకుంటున్నామని వదిలేస్తే వేసవి ఇంటర్న్‌షిప్ చేజారుతుంది. కంపెనీల్లో ఉన్న తెలుగు సీనియర్లు రిఫరల్ ఇస్తారు, అంటే తమ కంపెనీలో మన పేరు సిఫారసు చేస్తారు. అయితే ముక్కూమొహం తెలియని వాళ్లని అడిగేకన్నా, పరిచయం పెంచుకుని తన ప్రాజెక్టు చూపించి అడిగితే ఆ రిఫరల్‌కి విలువుంటుంది.

ఇక లీజు సంగతి. నలుగురూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, ఒకరు మధ్యలో వెళ్లిపోయినా అద్దె మొత్తం మిగిలినవాళ్ల మీద పడుతుంది. ఎంత స్నేహితులైనా సరే, దొరికితే ఎవరి లీజు వాళ్లకి ఉండే అపార్ట్‌మెంట్ చూసుకోమనండి. సంతకం పెట్టకముందే ఆ కాపీ మీకు పంపమనండి.