పాఠకుల ప్రశ్నలు: శనివారం రాత్రి షో వెనక ఆరు రోజులు

‘శాటర్డే నైట్ లైవ్’ అనే అమెరికా టీవీ హాస్య కార్యక్రమం ముక్కలు మా అమ్మాయి అక్కడి నుంచి పంపుతూ ఉంటుంది. వారానికో పెద్ద తార వచ్చి అన్నేసి వేషాలు వేస్తారు కదా, అది నిజంగా లైవేనా? రిహార్సల్ ఎన్నాళ్లు చేస్తారు? (హన్మకొండ)

నిజంగా లైవే. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని 8హెచ్ స్టూడియో నుంచి శనివారం రాత్రి 11:30కి మొదలై గంటన్నర సాగుతుంది. ముందే చిత్రీకరించిన ఒకటి రెండు ముక్కలు తప్ప మిగతాదంతా అప్పటికప్పుడు ఆడేదే. 1975 అక్టోబర్ 11న మొదలైనప్పటి నుంచీ పద్ధతి పెద్దగా మారలేదు. ఇక రిహార్సల్ అంటారా, అతిథి వచ్చిన సోమవారం నాటికి చేతిలో ఒక్క స్కిట్ కూడా సిద్ధంగా ఉండదు.

సోమవారం సాయంత్రం నిర్మాత లోర్న్ మైకేల్స్ గదిలో రచయితలు, నటులు చేరి అతిథికి తలా ఒకటి రెండు ఆలోచనలు చెబుతారు. వీటిలో చాలావరకు అక్కడితోనే ఆగిపోతాయి. అసలు రాత మంగళవారం మధ్యాహ్నం మొదలై బుధవారం తెల్లారేదాకా నడుస్తుంది. బుధవారం మధ్యాహ్నం పెద్ద బల్ల చుట్టూ కూర్చుని నలభై దాకా స్కిట్లు వరసగా చదువుతారు, దానికే మూడు గంటలు పైన పడుతుంది. ఆ తర్వాత మైకేల్స్, ముఖ్య రచయితలు, అతిథి తలుపులు వేసుకుని ఓ డజను దాకా ఎంచుతారు. సెట్ల పని మొదలయ్యేది కూడా ఆ రాత్రే. బ్రూక్లిన్‌లో కట్టి, ముక్కలుగా లారీల్లో స్టూడియోకి తెస్తారు. ముందే చిత్రీకరించే ముక్కలకు మిగిలేది ఎక్కువగా శుక్రవారం ఒక్కరోజే, ఎడిటింగ్ శనివారం దాకా సాగుతుంది.

షో తలరాత తేల్చేది మాత్రం శనివారం రాత్రి 8 గంటల డ్రెస్ రిహార్సల్, పొట్టిగా ‘డ్రెస్’. దానికి వేరే ప్రేక్షకులు ఉంటారు. మేకప్, దుస్తులు, పాటలు అన్నీ అసలు షోలో ఉన్నట్టే. ప్రసారానికి సరిపోయేదానికన్నా ఎక్కువ స్కిట్లు కావాలనే ఆడతారు కాబట్టి దాదాపు రెండు గంటలు పడుతుంది. బుధవారం బల్ల దగ్గర పడీ పడీ నవ్వించింది ఇక్కడ చప్పగా తేలిపోవడం మామూలే. అక్కడ నవ్వినవాళ్లు తోటి రచయితలు, పేరు పలికిన తీరుకే నవ్వగలరు. హాల్లో ఉన్నవాళ్లకి విషయం మొదటి అరనిమిషంలోనే అర్థం కావాలి. డ్రెస్ అయ్యాక ప్రసారానికి మిగిలే గంట, గంటన్నరలో కొన్ని స్కిట్లు పూర్తిగా పోతాయి, కొన్నిటికి ముగింపు మారుతుంది, వరస అటూ ఇటూ అవుతుంది. కొత్త సెట్టు కట్టి, విగ్గులు కుట్టాక కూడా తీసేస్తారు. ఆ నిర్దాక్షిణ్యమే ఈ షోని యాభై ఏళ్లు నిలబెట్టిందని మా గట్టి నమ్మకం.

మన టైములో ఎప్పుడు వస్తుంది? (కాకినాడ)

ఆదివారం ఉదయం. మార్చి రెండో ఆదివారం తర్వాత నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా, అంటే అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరిపి ఉన్నప్పుడు, 9 గంటలకు. మిగతా నెలల్లో 10కి. వేసవిలో కొత్త ఎపిసోడ్లు ఉండవు. విడి స్కిట్లు షో వారి యూట్యూబ్ చానల్‌లో దొరుకుతాయి.

అతిథులు ఎదుటి నటుణ్ని కాకుండా పక్కకి చూస్తూ మాట్లాడతారెందుకు? (నల్గొండ)

అక్కడ మాటలు రాసిన అట్టలు ఉంటాయి కనుక. కెమెరా పక్కన మనిషి నిలబడి పెద్ద తెల్ల అట్టలు ఒక్కొక్కటే జారుస్తుంటారు. రాత చేతిరాతే, ఎవరి మాటలో తెలియడానికి రంగులు వేరు. తెర మీద అక్షరాలు నడిపే యంత్రం వాడరు. మొరాయిస్తే అంతా ఆగిపోతుంది, అట్టకి ఆ ప్రమాదం లేదు. డ్రెస్ తర్వాత మాట మారితే ఆ వాక్యం మీద తెల్ల పట్టీ అంటించి కొత్తది రాస్తారు. నిన్నటి మాట కంఠతా పట్టిన నటుడే ఇక్కడ దెబ్బతింటాడు, పాతది నోట్లోంచి వచ్చేస్తుంది. అందుకే బాగా తెలిసిన మాట అయినా అట్టనే చూడమంటారు.

అతిథిని వాడుకునే తీరు కూడా గమనించండి. నవ్వించే భారం మొత్తం వాళ్ల మీద పెట్టిన స్కిట్లు తరచూ కూలిపోతాయి. 2000 ఏప్రిల్ 8న క్రిస్టోఫర్ వాకెన్ రికార్డింగ్ స్టూడియోలో నిర్మాతగా వేసి, ఆవు మెడగంట మోత ఇంకా కావాలని ఎంతో గంభీరంగా అడుగుతారు. గంట మోగిస్తున్నది విల్ ఫెరెల్. చుట్టూ ఉన్న నటులు నవ్వాపుకోలేకపోతున్నా వాకెన్ గొంతు మారదు. అతిథికి సహజంగా ఉన్న గాంభీర్యాన్ని అలాగే ఉంచి, చుట్టూ ఉన్న పరిస్థితిని వింతగా మార్చడమే అందులోని పని.

ఎన్నికల ముందు నాయకులు ఇందులో కనిపిస్తే ప్రత్యర్థులు ఊరుకుంటారా? (విజయవాడ)

ఊరుకోనక్కర్లేదు. అమెరికా ప్రసార చట్టం ప్రకారం ఒక అభ్యర్థికి వినోద కార్యక్రమంలో చోటిస్తే, వారంలోగా అడిగిన ప్రత్యర్థులకూ సమాన అవకాశం ఇవ్వాలి. 2015 నవంబర్ 7న ట్రంప్ అతిథిగా వచ్చినప్పుడు ఆయన పార్టీలోని కొందరు పోటీదారులకు, ఈ షోని ప్రసారం చేసే ఎన్‌బీసీ చానల్ అలా సమయం ఇచ్చింది. 2024 నవంబర్ 2న కమలా హారిస్ కనిపించిన మర్నాడే ట్రంప్‌కి ఆటల ప్రసారాల మధ్య ఉచితంగా చోటు దొరికింది.

డ్రెస్‌లో ఒకటి చేసి లైవ్‌లో ఇంకొకటి చేస్తే ఎవరు ఆపుతారు? (గుంటూరు)

ఎవరూ ఆపలేరు. 1992 అక్టోబర్ 3న గాయని షినేడ్ ఓకానర్ డ్రెస్‌లో పాట చివర ఒక పిల్లాడి ఫొటో చూపించారు. లైవ్‌లో పోప్ ఫొటో తీసి చింపేశారు. దర్శకుడి చేతిలో ఉన్నది ఒక్కటే, ప్రేక్షకుల్ని చప్పట్లు కొట్టమనే దీపం వెలిగించకపోవడం. వెలిగించలేదు. స్టూడియో అంతా నిశ్శబ్దం.

న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. చూడగలమా? (తిరుపతి)

టికెట్ ఉచితమే కానీ దొరకడం కష్టం. ఏటా ఆగస్టులో ఈమెయిల్ పంపినవాళ్లలో లాటరీ తీస్తారు. రెండోది స్టాండ్‌బై, అంటే సీట్లు ఖాళీ ఉంటేనే లోపలికి పంపే వరస. దానికి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, డ్రెస్సా లైవా ఏదో ఒకటే ఎంచుకోవాలి. వరస నంబరు వచ్చినా సీటు గ్యారంటీ కాదు. పదహారేళ్లు నిండాలి. తొలిసారి వెళ్లేవాళ్లు డ్రెస్ ఎంచుకోండి, తర్వాత కోసేసే స్కిట్లు కూడా అక్కడ చూడొచ్చు.

మా తెలుగు సంఘం ఉగాదికి ఊళ్లో పేరున్న డాక్టరుగారితో స్కిట్ వేయిద్దామనుకుంటున్నాం. ఈ షో నుంచి ఏం తీసుకోవచ్చు? (డాలస్)

మొదట నిడివి. ఐదు నిమిషాలు దాటనివ్వకండి. గొంతెత్తి చదివి ఫోన్‌లో టైము చూస్తే నాలుగు నిమిషాలు రావాలి, మిగతా నిమిషం నవ్వులకి. ఆలోచన ఒక్కటే ఉండాలి, అదే మూడుసార్లు ప్రతిసారీ ఇంకాస్త ముదరాలి. రెండో ఆలోచన తోస్తే అది వేరే స్కిట్.

డాక్టరుగారికి ఏడెనిమిది చిన్న వాక్యాలు చాలు. ఆయన్ని డాక్టరుగానే, మామూలుగా మాట్లాడే మనిషిగానే ఉంచండి. అల్లరంతా మీవాళ్లు చేయాలి. తెల్ల చార్టు మీద నల్ల మార్కర్‌తో, అక్షరం రెండంగుళాలకు తగ్గకుండా, చార్టుకి నాలుగు వరసలే రాయండి. ఎదుటి నటుడు నిలబడే దిక్కులోనే, స్టేజీ కింద ఒకరు పట్టుకుని కూర్చుంటే చూపు పక్కకి పోదు. చార్టుల వెనక నంబర్లు తప్పనిసరి.

సంఘాల వేదికల మీద స్కిట్లు చచ్చేది ఎక్కువగా మైకు దగ్గరే. రెండు చేతి మైకులు నలుగురు అందుకుంటూ ఉంటే, మాటకీ మాటకీ మధ్య పడే ఆ రెండు క్షణాల్లో నవ్వు ఆరిపోతుంది. హెడ్‌సెట్లు దొరక్కపోతే రెండు స్టాండు మైకులు ముందు పెట్టి, నటులే అక్కడికి వచ్చి మాట్లాడేలా కదలికలు వేసుకోండి.

రెండు రోజుల ముందు, స్కిట్ సంగతి తెలియని పదిమందిని కూర్చోబెట్టి దుస్తులతో సహా ఆడండి. ఎక్కడ నవ్వలేదో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అవి ఎవరు రాసినవైనా తీసేయండి. నవ్వు వచ్చినచోట అది సగానికి తగ్గేదాకా ఆగి తర్వాతి మాట అనడం నేర్పండి. చివర్లో అందరికన్నా పెద్ద నవ్వు ఏ మాటకి వచ్చిందో చూసి, దాని తర్వాత ఉన్నదంతా కొట్టేసి, ఆ మాట దగ్గరే దీపాలు ఆర్పమని లైట్ల అబ్బాయికి కాగితం మీద రాసివ్వండి.