ఒకే పెద్ద గ్రాఫ్‌లో పదే పదే వచ్చే ప్యాటర్న్‌లు వెతకడానికి జీస్పాన్ పనికొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అకౌంట్ల మధ్య డబ్బు బదిలీల గ్రాఫ్ ఒకటి మీ దగ్గర ఉంది, లక్ష దాకా నోడ్లు (ఒక్కో అకౌంట్ ఒక నోడ్), డేటా అంతా నియో4జే అనే గ్రాఫ్ డేటాబేస్‌లో ఉంది. మళ్లీ మళ్లీ వచ్చే ఆకారాలు వెతకడానికి దాన్ని జీస్పాన్ అనే ప్యాటర్న్‌లు వెతికే పద్ధతి ఉన్న పైథాన్ ప్యాకేజీకి ఇచ్చారు. ప్యాటర్న్ కనీసం ఎన్నిసార్లు రావాలో చెప్పే కనీస సపోర్ట్ 2 పెడితే ఒక్క ప్యాటర్న్ కూడా రాలేదు. 1 పెడితే రాత్రంతా నడిచినా పూర్తి కాలేదు. టూల్ మార్చాలా, పెద్ద మెషీన్ తీసుకోవాలా అని అడుగుతున్నారు.

మెషీన్ జోలికి ఇప్పుడే పోకండి. మీ కోడ్‌లో తప్పు కూడా ఉండకపోవచ్చు. జీస్పాన్ లెక్కపెట్టేది ఒక ప్యాటర్న్ ఎన్ని గ్రాఫ్‌లలో ఉందని. ఒకే గ్రాఫ్‌లో వెయ్యి చోట్ల కనిపించినా దాని లెక్కలో అది ఒకటే. మీరు ఇచ్చిందే ఒక్క గ్రాఫ్ కాబట్టి ఏ ప్యాటర్న్ సపోర్టూ 1 దాటదు. 2 పెడితే అన్నీ పోతాయి. 1 పెడితే గ్రాఫ్‌లోని ప్రతి ముక్కా నిలుస్తుంది, ఆ ముక్కలకు అంతూ పొంతూ ఉండదు.

యాన్, హాన్ అనే పరిశోధకులు 2002లో ఆ పద్ధతిని ప్రతిపాదించింది చిన్న చిన్న గ్రాఫ్‌లు చాలా ఉన్నచోట వాడడానికి. రసాయన సమ్మేళనాలు దానికి సరిగ్గా సరిపోయే డేటా. నేను ఎంటెక్ ప్రాజెక్టులో మ్యూటాగ్ డేటా మీద వాడాను: 188 సమ్మేళనాలు, ఒక్కోదానిలో సగటున 18 నోడ్లు. మామూలు ల్యాప్‌టాప్ మీద హాయిగా నడిచింది. కానీ ఎక్కువసార్లు వచ్చినవాటిని వరుసగా పేర్చి చూస్తే పైన ఉన్నవన్నీ బెంజీన్ వలయం ముక్కలూ నైట్రో గుంపులే. ఆ డేటాసెట్ అంతా నైట్రో సమ్మేళనాలే కదా, అవి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. జన్యు మార్పులు కలిగించే 125 సమ్మేళనాల్లో ఎంత, కలిగించని 63లో ఎంత అని విడివిడిగా లెక్కవేసి పోల్చాకే చెప్పుకోదగ్గవి బయటపడ్డాయి. మీకు కూడా మోసం అని తేలిన బదిలీలు, మామూలువి అని విడదీసిన జాబితా ఉంటే ఈ పోలిక తప్పకుండా చెయ్యండి.

ఉద్యోగంలో చేరాక మీలాంటి డేటానే నా చేతికి వచ్చింది. జీస్పాన్ నాకు బాగా తెలుసు కదా అని డేటానే దానికి తగ్గట్టు మార్చేశాను. ఒక్కో అకౌంట్ చుట్టూ రెండు బదిలీల దూరం దాకా కోసి, ఆ ముక్కలన్నీ విడి గ్రాఫ్‌లుగా ఇచ్చాను. మీకూ ఈ ఆలోచన వస్తుంది, అందుకే వివరంగా చెప్తున్నాను. ఒక అకౌంట్ నుంచి ఒకే రోజు ముగ్గురికి డబ్బు వెళ్లే ప్యాటర్న్ వేల ముక్కల్లో వచ్చింది. చూడటానికి అనుమానాస్పదంగా ఉంది, రిపోర్ట్ కూడా రాశాం. చివరికి అకౌంట్ నంబర్లు తీసి చూస్తే అన్ని ముక్కల్లోనూ డబ్బు పంపింది ఒకే అకౌంట్. ఒక కంపెనీ తన ఉద్యోగులకు జీతాలు వేసే అకౌంట్ అది. ఒక్క సంఘటననే వేలసార్లు లెక్కపెట్టాం. రెండు వారాల పని పోయింది, ఆ మీటింగ్ ముందు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

సరే, ఒకే గ్రాఫ్‌లో ప్యాటర్న్ ఎన్ని చోట్ల కుదిరిందో నేరుగా లెక్కపెడితే సరిపోదా? సరిపోదు. అదే జీతాల అకౌంట్ 100 మందికి డబ్బు వేసిందనుకోండి. ఒక ఎడ్జ్ (అంటే ఒక బదిలీ) ఉన్న ప్యాటర్న్ 100 సార్లు వస్తుంది. ఇద్దరు ఉద్యోగులున్న ప్యాటర్న్ 4,950 సార్లు, ముగ్గురున్నది 1,61,700 సార్లు. ప్యాటర్న్ పెద్దదయ్యేకొద్దీ లెక్క పెరిగిపోతోంది. ఈ టూల్స్ త్వరగా పూర్తయ్యేదే చిన్న ప్యాటర్న్ అరుదైతే దాన్ని కలుపుకున్న పెద్దది కూడా అరుదే అన్న నమ్మకంతో. ఆ నమ్మకం ఇక్కడ నిలబడదు.

దీనికి ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్క ఇంకొకటి. ప్యాటర్న్‌లోని ఒక్కో స్థానంలోకి ఎన్ని వేర్వేరు నోడ్లు వస్తున్నాయో చూసి, వాటిలో అతి తక్కువ సంఖ్యను సపోర్ట్‌గా తీసుకుంటారు. పై ఉదాహరణలో డబ్బు పంపే స్థానంలోకి వచ్చేది ఒక్క అకౌంటే, కాబట్టి సపోర్ట్ 1. అది కోట్లమందికి పంపినా 1 దగ్గరే ఆగుతుంది.

ఈ లెక్కతో పనిచేసే టూల్ గ్రామీ. 2014లో వచ్చింది, జావాలో రాశారు. కుదిరిన చోట్లన్నీ జాబితా చెయ్యకుండా, మీరు పెట్టిన హద్దుకు (కనీస సపోర్ట్‌కు) సరిపడా నోడ్లు దొరకగానే ఆపేస్తుంది. దిశ ఉన్న గ్రాఫ్‌లనూ తీసుకుంటుంది. మీ పనికి నేను చెప్పేది ఇదే. హద్దు పెద్దగా పెట్టి మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ రండి. నాకైతే ఒక్కో దశలో చాలాసేపు ఏమీ రాలేదు, తర్వాత ఒక్కసారిగా వరదలా వచ్చాయి. ఆ గీటు ఎక్కడుందో తెలిశాక దానికి కాస్త పైనే ఉండండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది లేబుల్స్ మీద, అంటే ఒక్కో నోడ్‌కూ బదిలీకీ ఏ రకమో చెప్పే పేర్ల మీద. రూపాయల మొత్తాన్ని ఉన్నదున్నట్టు లేబుల్‌గా పెడితే 4,999, 5,000 వేరువేరు అయిపోతాయి, ఏదీ రెండోసారి రాదు. అందరికీ అకౌంట్ అన్న ఒకే లేబుల్ పెడితే ప్రతిదీ ప్రతిదానితో కుదిరి టూల్ కూలబడుతుంది. నేను మొత్తాలను ఆరు తరగతులుగా, అకౌంట్లను వ్యక్తి, వ్యాపారి, సంస్థ అని విడగొట్టాక ఫలితాలు చదవదగ్గట్టు వచ్చాయి. ఈ విభజన ఆ వ్యాపారం తెలిసినవాళ్లతో కూర్చుని చెయ్యాల్సిన పని.

లేబుల్స్ అక్కర్లేదు, ఆకారమే ముఖ్యం అనుకుంటే మోటిఫ్‌లు (కొద్ది నోడ్ల చిన్న ఆకారాలు) వెతికే టూల్స్ వేరే ఉన్నాయి: ఫ్యాన్‌మాడ్, లేదంటే ఐగ్రాఫ్ లైబ్రరీలోని మోటిఫ్ ఫంక్షన్లు. ఫ్యాన్‌మాడ్ మీ గ్రాఫ్‌ను అలాంటివే యాదృచ్ఛిక గ్రాఫ్‌లతో పోల్చి కూడా చూపిస్తుంది. ఐగ్రాఫ్‌లో ఆ పోలిక మీరే రాసుకోవాలి. 3, 4 నోడ్లు దాటకండి. దిశ ఉన్న ఆకారాలు 3 నోడ్లకు 13, 4 నోడ్లకు 199, 5 నోడ్లకు 9,364.

నియో4జే తీసెయ్యకండి. దానిలో ప్రశ్నలు రాసే భాష సైఫర్ కొత్త ప్యాటర్న్‌ను కనిపెట్టి ఇవ్వదు, మీరు రాసిన ఆకారం ఎక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. గ్రామీ ఇచ్చిన ప్రతి ప్యాటర్న్‌నూ సైఫర్‌లో రాసి, ఓ ఇరవై చోట్ల అకౌంట్లు తెరిచి చూడండి. జీతాల అకౌంట్ నాకు అలా కనిపించి ఉంటే ఆ రిపోర్ట్ రాసేవాళ్లమే కాదు.

అసలు డేటా ఎక్కించే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఏదో ఒక యాదృచ్ఛిక గ్రాఫ్ తీసుకుని, ఇంకెక్కడా లేని లేబుల్స్‌తో ఒక ప్యాటర్న్‌ను 40 చోట్ల నాటండి. ప్యాటర్న్ లోపల ప్రతి నోడ్‌కూ వేరే లేబుల్ ఇవ్వండి. మూడు నోడ్లకూ ఒకే లేబుల్ ఉన్న త్రిభుజమైతే ఈ లెక్కలో ఒక్కటే మూడుగా వస్తుంది. హద్దు 40 పెడితే టూల్ దాన్ని చూపించాలి, 41 పెడితే చూపించకూడదు. నాకు మొదటిసారి 40 పెట్టినా రాలేదు, నియో4జే నుంచి ఫైల్ తీసేటప్పుడు నోడ్ నంబర్లు కలగాపులగం అయ్యాయి.