అద్దె ఇంట్లో బాల్సా రాకెట్టు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఆరు నెలల క్రితం వర్జీనియాకు వచ్చి, ఒకే పడకగది ఉన్న అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. కిట్లు కొనకుండా బాల్సా చెక్కతో అంతరిక్ష నౌకల నమూనాలను మొదటి నుంచి సొంతంగా తయారు చేయాలని చాలా కాలంగా కోరిక. అద్దె ఇంట్లో ఇది సాధ్యమేనా? దేనితో మొదలుపెట్టాలి? చేసినవాటిని అమ్ముకోవచ్చా? ఇండియాకు తీసుకువెళ్లవచ్చా?

జవాబు: సాధ్యమే. నేను చేసిన మొదటి నాలుగు నమూనాలూ ఇటువంటి అపార్ట్‌మెంటులోనే, భోజనాల బల్ల మీద ఒక పాత ప్లైవుడ్ పలక పరచుకుని చేసినవి. ఆ రోజుల్లో నేను చేసిన పెద్ద తప్పు, చెక్క ముట్టుకోకముందే రెండు వందల డాలర్ల పనిముట్లు కొనడం. వాటిలో సగం ఇప్పటికీ పెట్టెలోనే ఉన్నాయి. 11వ నంబరు బ్లేడు పట్టే సన్నని హాబీ కత్తి, ఇనుప స్కేలు, గుండుసూదులు, 220, 320, 400 నంబర్ల ఉప్పుకాగితం, గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు, ఒక సీసా వడ్రంగుల పసుపు జిగురు ఉంటే మొదటి నమూనా పూర్తవుతుంది.

దేనితో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం మన ఎల్‌వీఎం3 రాకెట్టు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకుపోయింది అదే. నేను పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేటలో పుట్టినవాణ్ణి కాబట్టి పక్షపాతం ఉందని మీరు అనుకోవచ్చు, కొంత ఉంది కూడా. అయితే దీనికి రెక్కలు లేవు, అడుగున తోకరెక్కలూ లేవు; రెండు లావుపాటి బూస్టర్లు, మధ్యలో ఒక స్తంభం, పైన కాస్త ఉబ్బిన ముక్కు, అంతే. కొత్తవారు సాధారణంగా స్పేస్ షటిల్‌తో మొదలుపెట్టి, దాని రెక్క ముందు అంచులో ఉన్న రెండు వాలుల దగ్గర, రెక్క పొట్టలో కలిసే వంపు దగ్గర విసిగిపోయి వదిలేస్తారు. షటిల్‌ను రెండో ఏడాదికి ఉంచుకోండి. అప్పటికి మీరు షాంటిలీలోని ఉడ్వర్-హేజీ విమాన, అంతరిక్ష మ్యూజియానికి వెళ్లి, అక్కడున్న అసలు షటిల్ డిస్కవరీ చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఫొటోలు తీసుకుని ఉంటారు. ప్రవేశం ఉచితమే, పార్కింగుకు మాత్రం రుసుము ఉంటుంది.

కొలతల విషయంలో మనవాళ్లు తరచుగా తికమక పడతారు. ఇక్కడి దుకాణాల్లో చెక్క అంగుళాల భిన్నాల్లో దొరుకుతుంది, ఇస్రో కొలతలు మీటర్లలో ఉంటాయి, నాసా పాత చిత్రాలు అడుగుల్లో ఉంటాయి. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, ఇస్రో వాహనాలను 1:100 లోనూ, నాసా వాహనాలను 1:96 లోనూ చేస్తాను. మొదటిదానిలో అసలు మీటరు నమూనాలో ఒక సెంటీమీటరు అవుతుంది. రెండోదానిలో అసలు అడుగు ఒక అంగుళంలో ఎనిమిదో వంతు అవుతుంది, ఆ గీతలు ఇక్కడి ప్రతి స్కేలు మీదా సిద్ధంగా ఉంటాయి. ఈ లెక్కన 43.5 మీటర్ల ఎల్‌వీఎం3 మీ బల్ల మీద 43.5 సెంటీమీటర్లు నిలబడుతుంది. 122 అడుగుల డిస్కవరీ పదిహేనుంపావు అంగుళాలకు వస్తుంది. క్యాలిక్యులేటరు ముట్టుకోవలసిన పనే ఉండదు.

ఇక చెక్క. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. వేగంగా పెరిగే చెట్టు కావడం వల్ల ఒకే దుకాణంలో, ఒకే దొంతరలో ఉన్న రెండు షీట్లు కూడా బరువులో రెట్టింపు తేడా చూపగలవు. అందుకే మొదటిసారి ఆన్‌లైన్‌లో కాక, చేతితో ఎంచుకోనిచ్చే హాబీ దుకాణంలో కొనమంటాను. 36 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, అంగుళంలో పదహారో వంతు మందం ఉన్న షీటు 10, 11 గ్రాములు తూగితే చాలా మెత్తనిది, 18 దగ్గర మధ్యరకం, 25కు చేరితే గట్టిది. బరువుతో పాటు కోత కూడా చూడాలి. ఏ-గ్రెయిన్ అనే కోతలో షీటు అడ్డంగా సులువుగా చుట్టుకుంటుంది, గొట్టాలకు అదే కావాలి. సీ-గ్రెయిన్ షీటు మీద చిన్నచిన్న మెరుపు మచ్చలు కనిపిస్తాయి. అది వంగదు, వంచబోతే నిలువునా చీలుతుంది, కాబట్టి గొట్టం లోపల గుండ్రదనం నిలిపే బిళ్లలకూ, పలచని రెక్కలకూ వాడుకోవాలి. కొండపల్లిలో తెల్లపొణికి చెక్క చెక్కేవారిని చూసినవారికి ఈ మెత్తదనం కొత్తగా అనిపించదు, కానీ బాల్సా పొణికి కన్నా కూడా అలుసైనది. గోరు తగిలినా గుంట పడుతుంది.

గొట్టం చేయడమే ఈ పనిలో అసలు విద్య, కాబట్టి దాన్ని కొంత వివరంగా చెబుతాను. ఎల్‌వీఎం3 బూస్టరు వ్యాసం 3.2 మీటర్లు, అంటే మన నమూనాలో 32 మిల్లీమీటర్లు. 4 అంగుళాల వెడల్పు, అంగుళంలో ముప్ఫై రెండో వంతు మందం గల ఏ-గ్రెయిన్ షీటును చుట్టితే చుట్టుకొలతకు సుమారు 98 మిల్లీమీటర్లు చాలు, షీటు వెడల్పు 101 దాటి ఉంటుంది. కత్తిరించాక మిగిలేది సన్నని పేలిక మాత్రమే. మధ్య స్తంభం 40 మిల్లీమీటర్లు కావడం వల్ల దాని చుట్టుకొలతకు ఒక షీటు చాలదు. దాన్ని రెండు అర్ధచంద్రాల్లా, ఒక్కొక్కటి 62 మిల్లీమీటర్ల వెడల్పుతో చేసి కలపాలి. ఇక్కడ రాకెట్టే మనకు సాయం చేస్తుంది: రెండు అతుకులూ ఎదురెదురుగా వస్తాయి, బూస్టర్లూ ఎదురెదురుగానే ఉంటాయి కాబట్టి అతుకులు రెండూ వాటి వెనుక దాక్కుంటాయి. బూస్టర్ల అతుకులను కూడా స్తంభం వైపుకు తిప్పితే, కంటికి ఒక్క గీత కూడా కనిపించదు.

చుట్టే ముందు షీటును పావుగంట వేడినీళ్లలో నాననివ్వండి. నీళ్లలో కాస్త అమోనియా కలిపితే ఇంకా బాగా వంగుతుందని పాతకాపులు చెబుతారు, అది నిజమే. అయితే కిటికీలు సరిగా తెరుచుకోని అపార్ట్‌మెంటులో ఆ వాసన భరించడం కష్టం, పైగా బ్లీచింగు ద్రవంతో పొరపాటున కలిస్తే విషవాయువు పుడుతుంది. వేడినీళ్లు చాలు. నానిన షీటును సరైన లావున్న అట్టగొట్టానికి ప్లాస్టిక్ కాగితం చుట్టి దాని మీద తొడిగి, గుడ్డపేలికతో వదులు లేకుండా కట్టి, రాత్రంతా ఆరనివ్వాలి. తెల్లవారి విప్పితే వంపు నిలిచిపోయి ఉంటుంది. లోపల ఐదు సెంటీమీటర్లకొకటి చొప్పున అంగుళంలో ఎనిమిదో వంతు మందపు బిళ్లలు అతికించి, అప్పుడు అంచులు కలపండి. తొందరపడి తడి మీదనే అతికిస్తే ఆరేటప్పుడు చెక్క ముడుచుకుని అతుకు నోరు తెరుస్తుంది. శీతకాలంలో ఇళ్లలో హీటర్ల వల్ల గాలి మరీ పొడిగా ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త ఇక్కడ రెండింతలు అవసరం.

ముక్కు భాగం వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉంటుంది. మందపు ముక్కలు ఒకదానిపై ఒకటి అతికించి, మధ్యలో ఒక గుండ్రని పుల్ల దించి, దాన్ని డ్రిల్లుకు బిగించి తిప్పుతూ ఉప్పుకాగితంతో అరగదీయడమే. ఆ చప్పుడు రాత్రి తొమ్మిది తరువాత వద్దు, కింద ఇంటివారు మన పిల్లల పరుగులకే అలిసిపోయి ఉంటారు. బూస్టర్ల ముక్కులు నిట్టనిలువుగా ఉండవు, స్తంభం వైపు వాలి ఉంటాయి. వాటిని చేత్తోనే చెక్కాలి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ. నేను మొదటిసారి రెండూ ఒకే వైపువి చెక్కి తలపట్టుకున్నాను.

గుంటలు, కీళ్లు పూడ్చడానికి కొండపల్లివారు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు కదా, మనం బాల్సా పొడిలో తెల్ల జిగురు కలిపితే అదే పని జరుగుతుంది. ఆ పొడి గురించే అద్దె ఇంట్లో అసలు భయం. అది పిండి కన్నా మెత్తగా ఉండి కార్పెట్టులోకి దిగుతుంది, ఊపిరిలోకి పోతుంది, గాలిలో లేచి పొగ హెచ్చరిక యంత్రాన్ని మోగిస్తుంది. ఎన్-95 మాస్కు పెట్టుకుని, తడిగుడ్డ పరచుకుని, గీకిన ప్రతిసారీ వాక్యూమ్ చేయండి. పొగ హెచ్చరిక యంత్రానికి సంచి కట్టి మూయవద్దు. అది ప్రమాదం, చాలా చోట్ల లీజు ఉల్లంఘన కూడా.

క్షణాల్లో పట్టే సయనో జిగురు బాల్సాకు బాగానే పడుతుంది, కానీ దాని ఆవిరి కళ్లు మండిస్తుంది, నూలు బట్ట మీద పడితే వేడెక్కి చర్మం కాలుస్తుంది. లుంగీ కట్టుకుని ఆ సీసా తెరవకండి. రంగుకు స్ప్రే డబ్బాల జోలికి పోకుండా, చెక్క రంధ్రాలు పూడ్చే శాండింగ్ సీలరు రెండు పూతలు వేసి, ఉప్పుకాగితంతో గీకి, నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగు కుంచెతో పలచగా నాలుగుసార్లు వేయండి. బాల్కనీలో స్ప్రే చేయవచ్చా అని అడిగే ముందు మీ లీజు చదవండి. వాడేసిన బ్లేడ్లను మందులు అయిపోయిన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి పారవేయండి.

అమ్మకం విషయం: మీరు హెచ్-1బీ మీద ఉంటే, మీ తరఫున దరఖాస్తు చేసిన సంస్థకు తప్ప మరెవరికీ పని చేసి సంపాదించే అనుమతి మీకు లేదు. నమూనాలు చేసి ఆన్‌లైన్‌లో అమ్మడాన్ని అనుమతి లేని పనిగా పరిగణించే అవకాశం ఉంది. పన్ను కట్టినంత మాత్రాన ఆ చిక్కు తీరదు. పాతిక డాలర్ల బొమ్మ కోసం గ్రీన్‌కార్డును పణంగా పెట్టవద్దు. మిత్రులకు బహుమతిగా ఇవ్వండి, తప్పనిసరిగా అమ్మాలంటే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

ఇండియాకు తీసుకువెళ్లడానికి మాత్రం ఇబ్బంది లేదు, కానీ తయారు చేసేటప్పుడే విడదీసేలా చేసుకోవాలి. బూస్టర్లకు చిన్న చెక్క పుల్లలు, స్తంభానికి వాటికి తగిన రంధ్రాలు పెడితే మూడు ముక్కలుగా విప్పి, చొక్కాల మధ్య చుట్టి క్యాబిన్ సంచిలో పెట్టుకోవచ్చు. కత్తి, బ్లేడ్లు చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. స్ప్రే రంగు ఎందులోనూ కుదరదు. నేను ఈ పుల్లల ఉపాయం తెలియకముందు అంతా ఒకటిగా అతికించి తీసుకువెళ్లాను. ఒక విమానాశ్రయంలో తనిఖీవారు పెట్టె విప్పించి, ఇది ఏమిటని అడిగి, నవ్వి, తిరిగి సర్దేటప్పుడు ఒక బూస్టరు విరిగింది. సూళ్లూరుపేటలో మా ఇంట్లో దొరికిన ఫెవికాల్‌తోనే దాన్ని అతికించాను. అతుకు ఉన్న వైపును గోడకు తిప్పి, మా నాన్నగారు దాన్ని టీవీ పక్కన నిలబెట్టుకున్నారు.