అబ్బాయి మీద అనుమానం సరే, అమ్మాయి వేసుకునే మాత్రల సంగతి?

ప్రశ్న: డాక్టరుగారూ, మా అబ్బాయికి 19 ఏళ్లు, కాలేజీ హాస్టల్లో ఉంటాడు. ఈసారి సెలవులకు వచ్చినప్పటి నుంచి కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. అర్ధరాత్రి దాటితే గానీ పడుకోడు, ఏమైనా అడిగితే కసురుకుంటున్నాడు. గంజాయి లాంటిది అలవాటైందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఏ వయసులో పిల్లలు ఎక్కువగా వీటి బారిన పడతారు? ఆన్‌లైన్‌లో దొరికే యూరిన్ టెస్ట్ కిట్‌తో వాడికి తెలియకుండా పరీక్ష చేయొచ్చా? అమ్మాయికి 17. ఆడపిల్ల కాబట్టి తన గురించి ఆ భయం లేదు. నాలుగు నెలల క్రితం పరీక్షల టెన్షన్‌తో నిద్ర పట్టక ఏడుస్తుంటే మా అత్తగారి నిద్రమాత్ర, ఆల్‌ప్రజోలమ్ 0.5, సగం ఇచ్చాను. అప్పటి నుంచి మధ్యమధ్యలో అడిగి వేసుకుంటోంది. ఈమధ్య అత్తగారి మాత్రలు నెల తిరక్కుండానే అయిపోతున్నాయి. ఆవిడ మరచిపోయి రెండేసి వేసుకుంటున్నారేమో. పెద్దవాళ్లకు అది ప్రమాదమా?
– పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చాలావరకు అబ్బాయి గురించే. నన్ను ఆపింది మాత్రం చివరి నాలుగు వాక్యాలు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను. ఓపీ మధ్యలో రాస్తున్నాను, కాస్త ముక్కుసూటిగా ఉంటే ఏమీ అనుకోకండి.

మనిషిని చూడకుండా ఉత్తరం చదివి ఎవరికీ జబ్బు పేరు పెట్టలేను. మీ అమ్మాయే మాత్రలు తీస్తోందని అనడం లేదు. అత్తగారే మరచిపోయి వేసుకుంటూ ఉండొచ్చు. అదీ చిన్న విషయం కాదు, ఆ వయసులో ఈ మాత్రలతో తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. కానీ ఇంట్లో మాత్రల లెక్క తప్పుతోంది, ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో తెలిసిన పదిహేడేళ్ల పిల్ల అదే ఇంట్లో ఉంది. అలాంటప్పుడు ముందుగా ముసలావిడ మతిమరుపును అనుమానించడం నాకు చేతకాదు.

'ఆడపిల్ల కాబట్టి భయం లేదు' అన్నారు. మీరు అడిగిన వయసు లెక్కతో కలిపి చెబుతాను. మత్తు పదార్థాలను మొదటిసారి వాడి చూసే ప్రమాదం 12 నుంచి 17 ఏళ్ల మధ్య ఎక్కువ. వాడకం బాగా పెరిగేది 18 నుంచి 25 మధ్య. మాదకద్రవ్యాలు, నేరాలపై పనిచేసే ఐక్యరాజ్యసమితి విభాగం యూఎన్‌ఓడీసీ నివేదికలు చెబుతున్నది ఇదే. మీ పిల్లలిద్దరూ ఆ పరిధిలోనే ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద వీటిని వాడేవారిలో ఆడవాళ్లు సుమారు నాలుగో వంతే. ఇక్కడ చదవడం ఆపేస్తే మీ ధీమా నిజమే అనిపిస్తుంది. అదే సంస్థ 2022 నివేదిక ప్రకారం, మందుల షాపులో దొరికే మందులను వైద్యం కోసం కాకుండా వాడేవారిలో ఆడవాళ్లు 40 శాతానికి పైనే. ఆంఫెటమైన్ రకం మత్తుమందులు వాడేవారిలో దాదాపు సగం వాళ్లే అయినా, ఆ అలవాటుకు చికిత్స తీసుకునేవారిలో మాత్రం అయిదుగురికి ఒకరే. మిగతావాళ్లు మా దాకా రారు. యూరప్‌లో 15-16 ఏళ్ల విద్యార్థులను 1995 నుంచి అడుగుతూ వస్తున్న ఎస్పాడ్ సర్వేలోనూ, డాక్టరు రాయకుండానే నిద్రమాత్రలు, మత్తు మాత్రలు వాడినవాళ్లలో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ కనిపిస్తారు.

అబ్బాయి చెడితే వాసన వస్తుంది, కళ్లు ఎరుపెక్కుతాయి, గొడవవుతుంది. అమ్మాయి అలవాటు చాలాసార్లు మందుల డబ్బాలోంచి మొదలవుతుంది. వాసన ఉండదు, పిల్ల బుద్ధిగా చదువుకుని పడుకుంటోందని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. పైగా మొదటి వాడకం నుంచి వ్యసనం దాకా ఆడవాళ్లు మగవాళ్లకంటే వేగంగా వెళ్తారని చాలా మత్తుమందుల విషయంలో తేలింది. శరీరాలు మందును తీసుకునే తీరు కూడా వేరు. జోల్‌పిడెమ్ అనే మరో నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా బయటకు పోతుందని, వాళ్లకు సూచించే మోతాదును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. మాత్ర చేబదులు ఇచ్చే వస్తువు కాదమ్మా! 'మా అత్తగారికి పనిచేసింది, సగమేగా' అనే మాట వారానికి ఒకసారైనా వింటాను. ఆల్‌ప్రజోలమ్ అసలు నిద్ర కోసం తయారైన మందే కాదు, తీవ్రమైన ఆందోళనకు, పానిక్ అటాక్‌లకు డాక్టరు చూసి, కొద్ది రోజులకని రాసేది. త్వరగా పనిచేస్తుంది, త్వరగానే దిగిపోతుంది. దిగేటప్పుడు ఆందోళన ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది. మాత్ర లేకపోతే నిద్రే పట్టదని పిల్ల నమ్మేస్తుంది. రోజూ వాడితే కొన్ని వారాల్లోనే ఒళ్లు అలవాటు పడుతుంది. మద్యంతోనో, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌తోనో, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రతోనో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదకు వస్తుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రికే మాత్రలన్నీ పారేయకండి. అమ్మాయి రోజూ వేసుకుంటూ ఉండి, మీరు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, నిద్రలేమి మాత్రమే కాదు, ఫిట్స్ కూడా రావచ్చు. డబ్బా మీ చేతిలోకి తీసుకోండి, మాత్రలు లెక్కపెట్టండి. తర్వాత అమ్మాయితో ఒంటరిగా కూర్చుని, అరవకుండా, ఎన్ని వేసుకుంటోందో, ఎన్నాళ్లుగానో అడగండి. మొదటి మాత్ర ఇచ్చింది మీరేనని ముందు మీరే ఒప్పుకుంటే, తను నిజం చెప్పడం తేలికవుతుంది. చనిపోవాలనే ఆలోచన ఏమైనా వచ్చిందా అని కూడా సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. వచ్చిందంటే ఒంటరిగా వదలకుండా ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మత్తుగా పడి ఉండి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అవేవీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో సైకియాట్రిస్టును కలవండి. మోతాదు ఎలా తగ్గించాలన్నది చూసిన డాక్టరు నిర్ణయించాలి, నా ఉత్తరం కాదు. నాలుగు నెలల క్రితం ఆ పిల్ల ఎందుకు ఏడ్చిందో కూడా అక్కడ మాట్లాడాలి. దానికి ఇంతవరకు ఎవరూ వైద్యం చేయలేదు.

అబ్బాయి విషయం. ఎర్ర కళ్లు గంజాయితో రావచ్చు, నిద్ర లేకా రావచ్చు, అలర్జీతోనూ రావచ్చు. దొంగచాటు కిట్ వద్దు. రోజూ వాడినవాళ్లకు మానేసిన కొన్ని వారాలకు కూడా గంజాయి పాజిటివ్ రావచ్చు, కొన్ని మామూలు మందులకు తప్పుడు ఫలితం రావచ్చు, కొత్త సింథటిక్ మత్తుమందులు చాలావాటిని ఈ కిట్లు పట్టుకోనే లేవు. పైగా 19 ఏళ్లవాడికి సంగతి తెలిసిందంటే మీతో మాటలు మానేస్తాడు, ఆ నష్టం పెద్దది. అడగండి. వాడుతున్నానంటే తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, ఇప్పుడు 15 శాతం దాటింది, 'మా రోజుల్లోనూ ఉండేది' అనడానికి లేదు. అకారణ అనుమానాలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, తనలో తాను మాట్లాడుకోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. ఆలస్యమే ఎక్కువగా చెడగొడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్‌లతో సహా అన్నీ తీసుకెళ్లండి. అత్తగారినీ వెంటబెట్టుకెళ్లండి. ఆవిడకు ఆ మాత్ర ఎవరు రాశారో, ఎన్నేళ్లుగా అదే చీటీ మీద కొంటున్నారో మీరు రాయలేదు.