తమ్ముణ్ని చూసి పిల్లల డాక్టర్ అవుతానంటోంది

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా బాబుకు నాలుగేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే సమస్య) అన్నారు. థెరపీకి వారానికి రెండుసార్లు రైల్లో విశాఖ తీసుకెళ్తున్నాం. పాప ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. తమ్ముణ్ని చూసి పిల్లల డాక్టర్ అవుతానంటోంది. మార్కులు ఓ మోస్తరు. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5½ ఏళ్లు. పిల్లల వైద్యంలో ఎండీ 3 ఏళ్లు. ఆపైన పిల్లల నరాల జబ్బుల్లో డీఎం అనే పై చదువు చేయాలంటే మరో 3. ప్రతి మెట్టు దగ్గరా ఒక నీట్. ఎక్కడా ఏడాది పోకపోయినా, పాప చదువు ముగిసేసరికి బాబుకు 16 ఏళ్లు వస్తాయి. అయినా తనకు గట్టి కోరిక ఉంటే నీట్ రాయనివ్వండి. మార్కులు చూసి ముందే వెనక్కి లాగొద్దు.

కానీ మీరు వారానికి రెండుసార్లు రైలెక్కేది డాక్టర్ కోసం కాదు, థెరపిస్టు కోసం. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు జరిగిన నష్టం పెరగదు. కండరాలు మాత్రం వ్యాయామం లేకపోతే బిగుసుకుపోతాయి. మందులు వాడినా, రోజూ చేయించే మనిషి కావాల్సిందే. నిలబెట్టి నడిపించేది ఫిజియోథెరపీ. చెంచా పట్టుకోవడం, గుండీలు పెట్టుకోవడం నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. వీటిలో డిగ్రీ 4½ నుంచి 5 ఏళ్లు. మాటకు, మింగడానికి సాయపడే స్పీచ్ థెరపీ డిగ్రీ 4 ఏళ్లు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో మొదటి రెండు కోర్సులూ ఉన్నాయి. మీకు అది రైలు దారే. ఇలాంటివాళ్లు ఊరికి దగ్గర్లో ఉంటే మీకీ తిరుగుడే ఉండేది కాదు, అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

బాబు విషయం కూడా. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని కింద జిల్లాల్లో డీఈఐసీ కేంద్రాలు (పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసేవి) పెట్టారు. థెరపీ ఉచితం. శ్రీకాకుళం సర్వజనాసుపత్రిలో అడగండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. 'తమ్ముణ్ని నువ్వే చూసుకోవాలి' అని ఇంట్లో ఎవరూ అనొద్దు. ఆ టెన్షన్‌తో చదువు సాగదు. ఈసారి విశాఖకు పాపనూ తీసుకెళ్లండి. థెరపీ అయ్యేదాకా ఆ గదిలోనే కూర్చోనివ్వండి. తిరుగు రైల్లో అడగండి, అక్కడ తనకు ఏ పని చేయాలనిపించిందో.