క్యారేజీ ముందు కళ్లు మూసుకోవాలంటే భయం

ప్రశ్న: అక్కా, నేను చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో విజయనగరం వచ్చి ఒక బట్టల కొట్టులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం అందరి ముందూ ప్రార్థన చేసుకోవాలంటే టెన్షన్. గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతున్నట్టు తల వంచేసి ముగించేస్తాను. నేను ప్రభువు విషయంలో సిగ్గుపడుతున్నట్టేనా?

జవాబు: తమ్ముడూ, భయం వేరు, సిగ్గు వేరు. నీకున్నది భయం. యోహాను సువార్తలో నికోదేము అనే యూదుల అధికారిని చూడు, 3వ అధ్యాయంలో రాత్రిపూట యేసు దగ్గరికి వచ్చాడు, 7లో తోటి అధికారుల ముందు యేసు గురించి ఒక్క న్యాయమైన మాట అంటే నువ్వూ ఆయనలాగా గలిలయవాడివేనా అని ఎగతాళి చేశారు, ఆ మనిషే 19లో యేసు సమాధికి సుగంధద్రవ్యాలు మోసుకొచ్చాడు. ధైర్యం ఆయనకీ ఒక్కరోజులో రాలేదు.

రేపు ఆ గ్లాసు పక్కన పెట్టెయ్. ఇంట్లో ఎంతసేపు కళ్లు మూసుకుంటావో అంతసేపే మూసుకో, తర్వాత నీ ఆవకాయ కొట్లో తోటివాళ్లకీ వడ్డించు. ఎవరైనా అడిగితే ప్రభువు నీకేం చేశాడో చెప్పు, వాదన మాత్రం వద్దు. పైడితల్లమ్మ సిరిమాను రోజున వాళ్లు పండక్కి వెళ్తామంటే, కొట్టు నేను చూసుకుంటానని నువ్వే ముందు చెప్పు.